రెండు చెంబుల తరవాణి

నా ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తప్ప అందరికీ తెలిసిపోయిన వానాకాలం ఒకటి నా జీవితంలో ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. అప్పట్లో నాకు అక్షరం రాదు. ఇప్పుడు వచ్చింది. అందుకే ముందుగా ఇదే రాస్తున్నాను.

మాది శ్రీకూర్మం వెళ్లే దారిలో వరి పండించే ఊరు. అప్పటికి నాకు పెళ్లయి పన్నెండేళ్లు. పెళ్లయిన కొత్తలో ఒకసారి కడుపు నిలిచింది. మూడో నెలలో, ఉడుపు మడిలో వంగి నారు నాటుతుండగా పోయింది. ఆ తర్వాత మళ్లీ లేదు. మా ఆయన నాకు మేనత్త కొడుకే. అంటే మా అత్త మా నాన్నకి సొంత చెల్లెలు. పరాయిది కాదు. అది కూడా నా కోపంలో ఒక భాగమే. మా తోటికోడలు, ఆమె ఇద్దరు పిల్లలు కూడా మాతోనే ఒకే ఇంట్లో ఉండేవాళ్లు.

ఆ ఏడు ఉడుపులు మొదలయ్యే ముందు నాకు నెల తప్పింది. నాకెప్పుడూ నెల సరిగ్గా రాదు కాబట్టి మొదట పట్టించుకోలేదు. ఒక పొద్దున తోటికోడలు పప్పులో వెల్లుల్లి తాలింపు పెడుతుంటే ఆ వాసనకి పెరట్లోకి పరుగెత్తాను. రవిక తగిలితేనే రొమ్ములు నొప్పి. నోట్లో ఎప్పుడూ ఇనపముక్క చప్పరిస్తున్నట్టు ఉండేది. ఏది తిన్నా లోపల నిలిచేది కాదు, ఒక్క తరవాణి తప్ప.

మా వైపు ఇళ్లల్లో వంటగది మూల తరవాణి కుండ ఉంటుంది. గంజీ, బియ్యం కడిగిన నీళ్లూ అందులో పోస్తూ ఉంటే పులుస్తాయి. ఆ పుల్లటి నీళ్లు ఒక చెంబుడు తాగి పొలానికి వెళ్తే మధ్యాహ్నం దాకా దాహం తెలియదు. మామూలుగా నాకూ ఒక చెంబే. ఆ రోజుల్లో మాత్రం ఒక చెంబు దించేసి వెంటనే రెండోది ముంచేదాన్ని. ఆ పులుపు గొంతు దిగుతుంటే ప్రాణం లేచొచ్చేది.

"కుండకి సిల్లు పడినాదేటే?" అని మా అత్త ఎత్తిపొడిచేది.

మొదటిసారి నిలిచినప్పుడూ అచ్చం ఇలాగే ఉండింది. అదే ఇనప రుచి, అదే నొప్పి. పోయిన బిడ్డకి సంబంధించి నా దగ్గర మిగిలిందల్లా ఆ గుర్తులే. వాటిని ఎలా మరచిపోతాను?

మా ఆయన పెరట్లో పార కడుక్కుంటుంటే వెళ్లి చెప్పాను.

"మావా, నాకు నిలిసినట్టున్నాది."

పార పక్కన పెట్టాడు. "నిజిమేనేటే?"

"నా ఒళ్లు నాకు తెల్దేటి?"

ఆ ఒక్క పూట నన్ను నమ్మాడు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. సాయంత్రానికి వాళ్లమ్మతో చెప్పాడు. వాళ్లమ్మ తోటికోడలితో చెప్పింది. తోటికోడలు ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి.

"ఉత్తినే సెప్తే ఎలగత్తా? కిట్టు తెచ్చి సూడాల" అంది.

ఎరువు కోసం ఎలాగూ శ్రీకాకుళం వెళ్లాలి కాబట్టి మా ఆయనే తెచ్చాడు. మందుల షాపులో ఎవరో ఆడవాళ్లు ఉంటే వాళ్లు వెళ్లేదాకా బయట నిలబడ్డాడట. పేపర్లో చుట్టించి, యూరియా బస్తా మడతలో దోపుకుని వచ్చాడు. నా కడుపు సంగతి తేల్చే వస్తువు యూరియా వాసనతో ఇంటికొచ్చింది. పెట్టెలో ఒక మడత కాగితం ఉంది. తోటికోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అందులో తెలుగు లేదు.

"ఒక గీత వస్తే నేదు, రెండు గీతలొస్తే ఉన్నాది. పొద్దున్న సూడాలట, మా సెల్లి సెప్పినాది" అని కాగితాన్ని పొయ్యిలో పడేసింది.

మర్నాడు పొద్దున్నే చూశాం. ముందు చీకటితో లేచి తోట వైపు వెళ్లొచ్చాను. ఇంటికి మరుగుదొడ్డి కట్టించారు గానీ అందులో అప్పుడు పిడకలు ఉండేవి. ముఖం కడుక్కుని నా రెండు చెంబుల తరవాణి తాగాను. ఆవుల దగ్గర పేడ తీశాను. తెల్లగా తెల్లారాక తోటికోడలు "రాయే, సూసేద్దుం" అంటే గోడ చాటుకి వెళ్లి ఒక గ్లాసులో పట్టి తెచ్చాను. బావి నీళ్లలా తేటగా ఉంది. తోటికోడలు అందులోంచి చుక్కలు పోసింది. అత్తతో కలిపి ముగ్గురం ఆ ప్లాస్టిక్కు ముక్క మీదకి వంగాం.

ఒక గీత వచ్చింది. రెండోది రాలేదు.

"ఇంకాసేపు సూడండి" అన్నాను.

"ఎంతసేపు సూస్తామే? అవతల కూలోళ్లు వచ్చేస్తన్నారు" అని అత్త లేచి చీర దులుపుకుంది.

నేను ఒప్పుకోలేదు. గొడవ పెట్టి, నాలుగు రోజులాగి ఇంకొకటి తెప్పించాను. మళ్లీ అదే పొద్దు, అవే రెండు చెంబులు, అదే ఒంటి గీత. అంతటితో నా విచారణ ముగిసింది. తీర్పు వచ్చేసింది. ఇంక నేను ఏం చెప్పినా అది దొంగ సాక్ష్యమే.

వాంతి అయితే గ్యాసు అన్నారు. కళ్లు తిరిగితే ఎండ అన్నారు. పొలంలో కూలికి వచ్చిన ఆడవాళ్ల దాకా సంగతి వెళ్లింది. నేను నడుం మీద చెయ్యి వేసుకుంటే చాలు, వరుసలో ఎవరో ఒకరు అందుకునేవారు.

"ఓలమ్మా, ఉడుపులొస్తే నీకు కడుపొచ్చినాది. కోతలొస్తే ఏటొస్తాదే?"

అందరూ వంగినవాళ్లు వంగినట్టే నవ్వేవారు. నాకూ వాళ్ల మీద అంత కోపం లేదు. ఆ బురదలో నవ్వుకోవడానికి ఏదో ఒకటి కావాలి. నా కోపమంతా ఇంట్లో వాళ్ల మీదే. ఒక రోజు అన్నం దగ్గర ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తా, నా కడుపులో ఏటున్నాదో ఆ ముక్కకి తెలుస్తాది గానీ నాకు తెల్దా?"

"నీకంత తెలిస్తే పన్నెండేళ్లెందుకు పట్టినాదే?" అంది.

కంచం ముందు నుంచి లేచిపోయాను. ఆ మాటకి జవాబు ఇప్పుడు రాస్తున్నాను. బిడ్డ రాకపోవడం వేరు, వచ్చిన బిడ్డని గుర్తుపట్టలేకపోవడం వేరు. మొదటిది నా చేతిలో లేదు. గుర్తుపట్టడం చేతకానిదాన్ని కాదు నేను.

శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని మా ఆయన్ని అడిగాను.

"ఉడుపులు అవనీయే."

"మొదటిది ఉడుపుల్లోనే కదా పోయినాది మావా."

ఆయన నా వైపు చూడలేదు. మెల్లగా, బతిమాలుతున్నట్టు అన్నాడు. "కిట్టులో నేదు కదే."

చెడ్డవాడు కాదు. కొట్టడు, తిట్టడు. కానీ ఆ మాట అన్నప్పుడు నాకు అనిపించింది, నేనూ నా ఒళ్లూ ఒక పక్క ఉంటే ఈ ఇంటిల్లిపాదీ ఇంకో పక్క ఉన్నారని.

నా పట్టుదల చూసి మా అత్త నన్ను వీధి చివర సూదులేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లింది. మేమంతా డాక్టరు బాబు అంటాం. ఏం చదివాడో మాత్రం ఎవరికీ తెలియదు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంటే, నెల ఎప్పుడు తప్పిందని మా అత్తని అడిగాడు. మా అత్త చెప్పింది. వాంతులు ఎలాంటివని మా అత్తని అడిగాడు. మా అత్త దానికీ చెప్పింది. వాంతి చేసుకున్నది ఆమే అన్నట్టు.

"కిట్టు సూసినారా?"

"రెండుసార్లు సూసినాం బాబూ. నేదు."

"అయితే వేడి చేసినాది. నెత్తురు తక్కువ" అని బలం సూది అంటూ చేతికి ఒకటి పొడిచాడు. చిన్న కవరులో మాత్రలు వేసిచ్చాడు. "ఇవి ఏసుకుంటే నెల వచ్చేస్తాది."

"కడుపుంటే ఇవి ఏసుకోవచ్చా బాబూ?" అని అడిగాను.

అతను నవ్వాడు. "నేని కడుపుకి భయమేటమ్మా?"

మా అత్త కూడా నవ్వింది. వాళ్లిద్దరి నవ్వు మధ్య ఆ స్టూలు మీద కూర్చున్న క్షణం నాకు ఇంకా అరగలేదు. అరగకూడదనే అనుకుంటున్నాను.

పొద్దున్నే అత్త నీళ్ల చెంబుతో ఎదురుగా నిలబడి మాత్ర వేయించేది. నేను దాన్ని బుగ్గన పెట్టుకుని నీళ్లు మింగేదాన్ని. పొలం వెళ్లాక బురదలో ఉమ్మేసి, పైన ఒక నారు మొక్క నాటేదాన్ని. ఇచ్చినన్ని మాత్రలూ ఆ మడిలోనే ఉన్నాయి. ఆ ఏడు ఆ మడి ఎలా పండిందో నేను చూడలేదు.

మాత్రలు అయిపోయిన రెండు మూడు రోజులకి, మధ్యాహ్నం వేళ నారుమడిలో వంగి నారు పీకుతుంటే నడుంలో పట్టేసింది. గట్టు చాటుకి వెళ్లి చూసుకుంటే బట్ట మీద మరక. అది నెల కాదు. నా నెల నాకు తెలుసు. ఇది తుప్పు రంగులో, చెయ్యి తుడిచినంత మరక. మొదటిది పోయినప్పుడూ ఇలాగే మొదలైంది.

బట్ట కావాలి కాబట్టి తోటికోడలికి చెప్పక తప్పలేదు. ఆమె గట్టు మీద నిలబడి అవతలి మడి దాకా వినబడేలా కేక వేసింది.

"అత్తా! దీనికి నెలొచ్చేసినాది!"

మా అత్త ఉన్న చోటు నుంచే శ్రీకూర్మం గుడి వైపు తిరిగి చేతులు జోడించింది. "సూసినావేటే? డాక్టరు బాబు సెప్పినట్టే అయినాది" అంది. వాళ్ల ముఖాల్లో నిజమైన సంతోషం. నా బిడ్డ జారిపోతోందేమోనని నేను గట్టు మీద కడుపు పట్టుకుని కూర్చుంటే, మా ఇల్లు హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది. తిట్టినప్పుడు కూడా వాళ్ల మీద అంత అసహ్యం వేయలేదు.

మా అత్తకి ఒక పట్టింపు. నెలలో ఉన్న ఆడది నారుమడిలో అడుగుపెడితే నారు పసుపెక్కిపోతుందంటుంది. తరవాణి కుండ ముట్టుకుంటే పులుపు చెడిపోతుందంటుంది. మూడు రోజులూ పశువుల సాల పక్క వసారాలో ఒక చాప, ఒక కంచం, ఒక చెంబు. ఎవరూ ముట్టుకోరు, ఎవరూ పలకరించరు. పెళ్లయిన నాటి నుంచీ ఆ చాప అంటే నాకు మంట. కానీ ఆ సాయంత్రం దాని మీద వెల్లకిలా పడుకుని ఉంటే ఒక ఆలోచన వచ్చింది. ఈ మూడు రోజులూ నేను ఎక్కడున్నానని ఎవరూ చూడరు.

మర్నాడు అందరూ పొలం వెళ్లిపోయాక స్నానం చేసి, చీర మార్చుకుని రోడ్డు మీదకి నడిచాను. ఆటో వస్తే ఎక్కి కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాను. "ఉండు, ఉండు" అని లోపల అంటూనే ఉన్నాను.

పెద్దాసుపత్రిలో ఏ తలుపు మీద ఏం రాసి ఉందో నాకు తెలియదు. వసారా ఊడుస్తున్న ఆమెని అడిగాను.

"కడుపుతో ఉన్నోలు కూకునేది ఎక్కడమ్మా?"

ఆమె నా పొట్ట కేసి చూసింది. ఏమీ కనబడదు కదా. అయినా ఒక్క మాట అడగకుండా చీపురుతో దారి చూపించింది. ఎన్నో రోజుల తర్వాత నా మాటని మాటగా తీసుకున్న మనిషి ఆమె.

లోపల డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. కడుపుతో ఉన్నాననీ, మరక కనిపించిందనీ, కిట్టులో మాత్రం లేదంటోందనీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. నవ్వుతుందని ముఖం బిగించుకుని నిలబడ్డాను. ఆమె నవ్వలేదు.

"నీకేమనిపిస్తోందమ్మా?" అని అడిగింది.

నన్ను. మా అత్తని కాదు, ప్లాస్టిక్కు ముక్కని కాదు, నన్ను.

"ఉన్నాదమ్మా" అన్నాను.

స్కానింగు బల్ల మీద పడుకోబెట్టి పొట్ట మీద చల్లగా ఏదో రాశారు. ఆ టీవీలో కనబడేది నాకు అర్థం కాదని డాక్టరమ్మ ముఖమే చూస్తూ ఉన్నాను. కాసేపటికి ఆమె దాన్ని నా వైపు తిప్పింది. చీకట్లో చిక్కుడు గింజంత ఒకటి. దాని మధ్యలో ఏదో మిణుకు మిణుకుమంటోంది.

"గుండె. కొట్టుకుంటోంది చూడు."

అలాంటప్పుడు ఏడుపొస్తుందంటారు. నాకు ముందు కోపమే వచ్చింది.

"నాను సెప్పినాను" అన్నాను. ఆమెతో కాదు, ఎదురుగా ఉన్న గోడతో. "నాను ముందే సెప్పినాను."

మరక కనిపించిందంటే హెచ్చరిక అనుకోమంది డాక్టరమ్మ. వంగకూడదు, బరువెత్తకూడదు, పడుకునే ఉండాలి, మళ్లీ కనిపిస్తే వెంటనే రావాలి. బయట మందులిచ్చే సిస్టరమ్మ మా జిల్లా మనిషే. కిట్టు ఎప్పుడు, ఎలా చూశారని అడిగి అంతా విని నెత్తి కొట్టుకుంది.

"లేచిన ఎంటనే మొదట పోసిన దాంతో సూడాలమ్మా. అది తోటలో ఒగ్గీసి, రెండు సెంబులు తాగీసి సూస్తే ఇంకేటి గీత వస్తాది? తరవాణికి పరీక్ష సేసినట్టే. అందులోనూ మరీ బేగి సూసీసినారు. పది రోజులు పోయాక మళ్లీ సూసుకోవాల."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో దాని గురించే ఆలోచించాను. ఆ రోజుల్లో తరవాణి కావాలని మారాం చేసింది నేనా, లోపలిదా? అది అడిగి తాగించుకుంది. ఆ తాగిందే దాని గీతని కడిగేసింది. ఆ ఉదయం మొదటిసారి నవ్వొచ్చింది. పక్కన కూర్చున్నామె అదోలా చూసింది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం అన్నానికి అత్తా తోటికోడలూ వచ్చి ఉన్నారు. వసారాలో ఖాళీ చాప చూసి మా అత్త గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒసే! అంటు మనిషివి ఊరంతా మైల సేసొచ్చినావేటే! ఆటోలో ఎవులెవులు కూకున్నారో ఏటో!"

"అంటు కాదు, కడుపు. గుండె కొట్టుకుంటన్నాది. సూసొచ్చినాను" అని స్కానింగు కాగితం చేతిలో పెట్టాను.

మా అత్త దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి తోటికోడలికి ఇచ్చింది. కింద డాక్టరమ్మ తెలుగులో రాసిన ముక్కని తోటికోడలు చదివింది. ముఖం పాలిపోయింది. "నిజిమేనత్తా" అంది.

అప్పుడు నమ్మారు. మళ్లీ నన్ను కాదు, కాగితాన్ని.

"నాను నెల్లాళ్లనుంచి గోల పెడితే ఒక్కరు వినలేదు! కాగితం సెప్తే విన్నారు!" అని గొంతు చించుకున్నాను.

"ఊరుకోయే, కడుపుతో ఉన్నోలు అరవకూడదు" అంది మా అత్త.

ఇంక ఆ మనిషితో ఏం మాట్లాడతాం? చాప తీసేసి నడింట్లో మంచం వేసింది. నా కాళ్ల కింద తలగడ పెట్టింది. సాయంత్రం మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, "రేపట్నుంచి నువ్వు పొలం రాకు" అన్నాడు, నాకేదో వరమిచ్చినట్టు.

"ఈ మాట ఆ రోజు సెప్పాల మావా" అన్నాను. తల వంచుకున్నాడు.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు అది రెండో తరగతి. దాని ఒకటో తరగతి వాచకంతోనే, దాని పక్కన కూర్చునే నేనూ అక్షరాలు దిద్దుకున్నాను. అది పుట్టిందంటే శ్రీకూర్మంలో తన మొక్కు వల్లేనని మా అత్త చెబుతుంది. తన సూది వల్లేనని డాక్టరు బాబు చెప్పుకుంటాడు. మరి మీరిచ్చిన మాత్రలేంటని ఒకసారి బజారులో నిలదీస్తే, "అవీ బలానికే కదమ్మా" అన్నాడు. "నువ్వు సెప్పినావే, మేమే విననేదు" అని మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు.

మొన్న మా తోటికోడలి పెద్ద కూతురు అత్తవారింటి నుంచి వచ్చింది. పెళ్లయి ఏడాది కాలేదు. నెల తప్పింది, నీరసం, తిండి సహించడం లేదు. కిట్టులో ఒకటే గీత.

"నేదు కదే. పుట్టింట్లో పడుకోడానికి నాటకాలు" అంది మా అత్త. గొంతు కూడా మారలేదు.

ఆ పిల్ల నా వైపు చూసింది. వెళ్లి దాని పక్కన కూర్చున్నాను.

"నీకేటనిపిస్తన్నాదమ్మా?"

"ఏటో పిన్నీ. కడుపో ఏటో తెల్దు. ఒళ్లు నాది కానట్టున్నాది."

మర్నాడే ఆటో ఎక్కించి తీసుకెళ్లాను. పరీక్షలన్నీ చేశారు. కడుపు లేదు. థైరాయిడ్ అన్నారు, రోజూ వేసుకోమని మాత్రలిచ్చారు. ఇంటికొచ్చి చెప్పగానే మా అత్త ముఖం వెలిగిపోయింది.

"సూసినావా? నాను సెప్పినాను నేదని!"

"కడుపు నేదని సెప్పినావు. నాటకం అని కూడా సెప్పినావు. నాటకానికి మాత్రలిస్తారేటి అత్తా?" అన్నాను.

అత్త గొణుక్కుంటూ లోపలికి వెళ్లింది. కాసేపటికి ఒక చెంబుతో తరవాణి తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది.